గాలి లెక్క

1996 చలికాలంలో మా నాన్నగారు మొదటిసారి మిషిగన్ వచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో పాతికేళ్ళు కార్బురేటర్లు బాగుచేసిన మనిషి. మా కారు బానెట్ ఎత్తి, "కార్బురేటర్ ఏదిరా?" అన్నారు. లేదన్నాను. "మరి పెట్రోలు లెక్క ఎవరు చూస్తారు?" అన్నారు. కార్ల కంపెనీలో పనిచేస్తూ కూడా ఆయనకు సరిగ్గా చెప్పలేకపోయాను.

ఒక పాలు పెట్రోలు సరిగా మండాలంటే బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. కాబట్టి ముందు గాలి ఎంతో తెలియాలి. దానికి దారులు రెండు. పెళ్ళి భోజనాలకు ఎంతమంది వచ్చారో తెలియాలంటే గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టవచ్చు. లేదా హాలు ఎంత నిండుగా ఉందో, ఎన్ని బంతులు లేచాయో చూసి అంచనా కట్టవచ్చు. మొదటిది గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్, రెండవది పీడనాన్ని కొలిచే సెన్సర్. ఇంజను వేగమే ఇక్కడ బంతుల లెక్క.

చరిత్రలో ముందు వచ్చింది అంచనాయే. అమెరికాలో బెండిక్స్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రోజెక్టర్‌ను 1958 మోడల్ క్రైస్లర్ కార్లలో కొన్నింటికి అమర్చారు. అది నిలవలేదు. చాలా కార్లకు తిరిగి కార్బురేటర్లే బిగించారు. ఆ పేటెంట్ల ఆధారంగా జర్మనీలో బాష్ కంపెనీ 1967లో డి-జెట్రానిక్ తెచ్చింది. 'డి' అంటే జర్మన్‌లో పీడనం. అమెరికా కొత్త పొగ నిబంధనలను అందుకోవడానికి ఫోక్స్‌వాగన్ 1600 కారు దాన్ని వాడుకుంది.

అంచనాలో చిక్కేమిటంటే, ఇంజను ఎప్పటికీ కొత్తదానిలాగే గాలి పీలుస్తుందని నమ్మాలి. అరుగుదల వస్తే లెక్క తప్పుతుంది. అందుకే 1973లో బాష్ ఎల్-జెట్రానిక్ తెచ్చి, గాలి తోస్తే కదిలే రేకుతో నేరుగా కొలిచింది. 'ఎల్' అంటే గాలి. 1980ల మొదట్లో రేకు బదులు వేడి ప్లాటినం తీగ వచ్చింది. గాలి తీగను ఎంత చల్లబరిస్తే అంత గాలి వెళ్ళినట్టు.

ఫోర్డ్ మస్టాంగ్ 5.0 కథ ఇదే చెబుతుంది. 1986 నుంచి పీడన లెక్కతో నడిచిన ఆ కారుకు కుర్రకారు కొత్త క్యామ్‌షాఫ్ట్ వేస్తే ఇంజను తడబడేది. 1989 మోడల్‌కల్లా దేశమంతటా గాలి కొలిచే సెన్సర్ వచ్చేసింది.

అయితే కొలతే గెలిచిందనుకుంటే పొరపాటు. ఆ చలికాలంలోనే మా ఆవిడ పసిపిల్లతో ఫ్రీవేమీద ఉండగా కారు ఆగిపోయింది. షాపువాళ్ళు గాలి సెన్సర్ పోయిందని కొత్తది వేసి, ఆ నెల మా ఇంటద్దెంత బిల్లు వేశారు. మర్నాడు మళ్ళీ అదే వరస. నాన్నగారు ఇంజను ఆన్ చేయించి, చెవి ఒగ్గి విని, సెన్సర్ తర్వాత ఉన్న రబ్బరు గొట్టాన్ని వంచి చూపించారు. అడుగున పగులు!

"గుమ్మం దగ్గరవాడి లెక్క బాగానే ఉందిరా. దొడ్డిదారిన వచ్చేవాళ్ళని ఎవరు చూస్తారు?" అన్నారు. పీడన సెన్సర్‌ అయితే ఏ దారిన వచ్చిన గాలినైనా చూసేది. అది హాల్లోకే చూస్తుంది కదా!

అందుకే ఇవాళ చాలా కార్లలో, ముఖ్యంగా టర్బో ఇంజన్లలో, రెండు సెన్సర్లూ ఉంటాయి. పీడన సెన్సర్ చిన్నది, చవక కూడా. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక మన ఊళ్ళలో చాలా కొత్త మోటారు సైకిళ్ళకు కార్బురేటర్లు పోయి ఇంజక్షన్ వచ్చింది. వాటిలో చాలావాటికి గాలి లెక్క చెప్పేది ఈ పీడన సెన్సరే.

అది చూడటానికి నాన్నగారు లేరు. ఆయన అడిగిన ప్రశ్నకు ఇన్నేళ్ళకు ఇలా జవాబు రాశాను. మీ కారులో చెక్ ఇంజన్ దీపం వెలిగితే సెన్సర్ మార్పించే ముందు ఒక్కసారి గొట్టాలు చూడమనండి.