గడప దగ్గరే ఆగిన చట్టం

ఇంగ్లండ్‌లో, ఒకప్పటి స్టాఫర్డ్‌షైర్‌లో విల్లెన్‌హాల్ అనే చిన్న పట్టణం ఉంది. 19వ శతాబ్దంలో అది తాళాల తయారీకి పేరు మోసింది. చుట్టుపక్కల జనం మాత్రం దాన్ని గూనివాళ్ళ ఊరనేవారు. తాళంలోని బోల్టునూ, లీవర్లనూ, తాళంచెవినీ వైస్‌లో బిగించి, ఒకదానికొకటి సరిపోయేదాకా ఆకురాయితో అరగదీయాలి. ఎముకలు ఇంకా ముదరని వయసు నుంచి పొద్దస్తమానం ఒక పక్కకు ఒరిగి ఆ పని చేస్తే కుడి భుజం వెనక ఎముక పొడుచుకొచ్చేది, కుడి కాలు లోపలికి వంగిపోయేది. పనివాళ్ళలో మూడోవంతు మందికి హెర్నియా ఉందంటారని 1845లో సామ్యవాద రచయిత ఎంగెల్స్ రాశాడు. ఆయనకు ఆధారం బాల కార్మికుల స్థితిగతులపై బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిషన్ నివేదికే. ఆ కమిషన్ తరఫున రిచర్డ్ హెన్రీ హార్న్ విల్లెన్‌హాల్ వెళ్ళి పిల్లల సాక్ష్యాలు సేకరించాడు. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల్ని చేతికందిన పనిముట్టుతో కొట్టడం అక్కడ మామూలు సంగతని ఆ సాక్ష్యాలు చెబుతాయి.

ఇంత తెలిసీ చట్టం ఎందుకు కదల్లేదన్నదే అసలు ప్రశ్న. బ్రిటన్‌లో 1833 నాటికే ఫ్యాక్టరీ చట్టం ఉంది, దాన్ని అమలు చేయడానికి నలుగురు ఇన్‌స్పెక్టర్లూ ఉన్నారు. కానీ అది బట్టల మిల్లుల కోసం చేసిన చట్టం. విల్లెన్‌హాల్‌లో మిల్లుల్లేవు. ఉన్నవి పెరటి కొట్టాలు, ఒక్కో దాంట్లో ఒక చిన్న యజమాని, ఇద్దరు ముగ్గురు పిల్లలు. ప్రమాదమంటే పెద్ద యంత్రం, పెద్ద చిమ్నీ అనుకున్న పాలకుల కంటికి ఆ కొట్టాలు ఆనలేదు. చిన్న కార్ఖానాలకు 1867లో విడిగా చట్టం వచ్చింది గానీ, దాని అమలు స్థానిక సంస్థల చేతికి ఇచ్చారు. అవి పట్టించుకోకపోవడంతో 1871లో ఆ బాధ్యత ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లకే అప్పగించాల్సి వచ్చింది. నా దృష్టిలో తాళాల వృత్తి చరిత్రంతా ఈ ఒక్క లోపం చుట్టూ తిరుగుతుంది. పనిలో ఎంత హాని ఉందని అడగాల్సిన చట్టం, పనిచోట ఎంతమంది ఉన్నారని అడిగింది.

మన దేశంలోనూ అదే జరిగింది. 1870లో జాన్సన్ అండ్ కంపెనీ అలీగఢ్‌లో ఇంగ్లండ్ తాళాల వ్యాపారం మొదలుపెట్టింది, తర్వాత తయారీకి దిగింది. కాలక్రమంలో పని ముక్కలై ఇళ్ళలోకీ గల్లీల్లోకీ పాకింది. ఒకచోట చేతి ప్రెస్సు, ఒకచోట పాలిషు, మరోచోట నికెల్ పూత. ప్రెస్సు కింద వేళ్ళు నలిగేవి, పాలిషు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరేది, పూత తొట్లలో ఆసిడ్లూ సైనైడూ ఉండేవి. 1948 ఫ్యాక్టరీల చట్టం వర్తించాలంటే కరెంటు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది ఉండాల్సి వచ్చేది. పని ఇన్ని ముక్కలైనప్పుడు ఆ లెక్క ఎక్కడ తేలేది? 1986 బాల కార్మిక చట్టమైతే కుటుంబంతో కలిసి పనిచేసే కార్ఖానాను మినహాయించి, ఇంటి గడప దగ్గరే ఆగిపోయింది. 1996 డిసెంబరులో, బాల కార్మికుల గురించి వేసిన ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ముందుగా చర్య తీసుకోవాల్సిన తొమ్మిది పరిశ్రమలను పేర్కొంది. వాటిలో అలీగఢ్ తాళాలున్నాయి, మన మార్కాపురం పలకలూ ఉన్నాయి. పలకల దుమ్ము పీల్చిన పిల్లలదీ, తాళాల దుమ్ము పీల్చిన పిల్లలదీ ఒకటే కథ అని అత్యున్నత న్యాయస్థానమే గుర్తించిందన్నమాట.

చిన్న కార్ఖానాల మీద నిబంధనలు రుద్దితే వృత్తే చచ్చిపోతుందని కొందరంటారు. అది కొట్టిపారేయాల్సిన భయం కాదు, చిన్న యజమాని లాభం నిజంగానే పల్చన. కానీ విల్లెన్‌హాల్ తాళాలు 1867 తర్వాత మూతపడలేదు. 20వ శతాబ్దంలోనూ ఆ ఊరు తాళాల కేంద్రంగానే నిలిచింది. పైగా ఇక్కడ కావలసిన రక్షణలో చాలా భాగం ఖరీదైనది కాదు. మన ఊళ్ళలో రోడ్డు పక్కన తాళంచెవులు చేసే మనిషినే చూడండి. తాళంలో విరిగి ఇరుక్కున్న చెవి ముక్కను సన్నని ఉక్కు కొక్కెంతో లాగుతున్నప్పుడు కొక్కెం విరిగి ఎగరొచ్చు, గ్రైండర్ మీద కొత్త చెవి కోస్తున్నప్పుడు ఇత్తడి రజను కంట్లో పడొచ్చు. ఒక జత కళ్ళద్దాలు ఆ చూపును కాపాడతాయి. అవి కొనుక్కోవడం అతని సొంత బాధ్యతే కదా అనొచ్చు. ఒంటరిగా బతికే పనివాడికి శిక్షణ ఇచ్చేవాళ్ళూ, తనిఖీ చేసేవాళ్ళూ, కన్ను పోతే పరిహారం ఇచ్చేవాళ్ళూ లేనప్పుడు బాధ్యతంతా అతని నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఫ్యాక్టరీ లెక్కను 20కీ 40కీ పెంచింది. అంటే పాత లోపం మరింత వెడల్పయింది. అయితే అదే కోడ్‌లో ఒక దారి కూడా ఉంది. ప్రమాదకరమైన పనిగా ప్రభుత్వం నోటిఫై చేస్తే, ఒక్క పనివాడున్న చోటికైనా నిబంధనలు వర్తిస్తాయి. తాళాల తయారీ, పాలిషు, నికెల్ పూత పనులను ఆ జాబితాలో చేర్చాలని ప్రభుత్వాలను కార్మిక సంఘాలు గట్టిగా అడగాలి. రోడ్డు పక్క పనివాళ్ళకు కళ్ళద్దాలు, శిక్షణ, బీమా అందించే పని మున్సిపాలిటీలు ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.