గ్రూప్‌లో 200 మంది, పొలం కాడ ఒక్కరూ లేరు: సేంద్రియ రైతుల గుంపుల కథ

ఈ ఎపిసోడ్ మన డిచ్‌పల్లి నుంచే. వెనకాల హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి, పక్కనే 44వ నంబర్ హైవే.

ముందు ఒక చిన్న సంగతి చెప్పి హిస్టరీలోకి వెళ్దాం. మా చిన్నబాపు ఎకరంన్నరలో మందులు లేకుండా పసుపు వేసి అది రెండో ఏడు. వానాకాలంలో ఒక రాత్రి పదకొండు గంటలకు సేంద్రియ రైతుల వాట్సాప్ గ్రూప్‌లో ఒక ఫొటో పెట్టాడు. కింది ఆకులు పసుపు పచ్చగా మారుతున్నయి, కాండం మొదలు మెత్తబడింది. పొద్దున్నకు పదకొండు జవాబులు. ఒకాయన జీవామృతం పారించమన్నాడు. ఒకాయన పుల్లటి మజ్జిగ కొట్టమన్నాడు. ఇంకొకాయన డైరెక్టుగా ఫోన్ చేసి ఒక సీసా అమ్మాడు. చిన్నబాపు అన్నీ చేశాడు. కానీ అసలు సమస్య ఏంటంటే, ఆ మడిలో నీళ్లు నిలిచి ఉన్నయి. అది దుంప కుళ్లు. నీళ్లు తీసెయ్యాల్సిన చోట ఇంకిన్ని నీళ్లు పోసినట్టయింది. మూడో వంతు పంట పోయింది.

అప్పుడు ఆయన నాతో ఒక మాట అన్నాడు: "గ్రూప్ల రెండు వందల మంది ఉన్నరు బిడ్డా. పొలం కాడికి వచ్చి చూసెటోడు ఒక్కడు లేడు."

ఆ మాట పట్టుకుని నేను వెనక్కి వెళ్లాను. ఫోన్లు లేనప్పుడు రైతులు ఒకరి దగ్గర ఒకరు ఎట్ల నేర్చుకున్నారు? మన తెలుగు నేల మీద దీనికి చాలా పెద్ద కథే ఉంది.

మందుల షాపే బడి, మందుల షాపే బ్యాంకు

1997-98 గుర్తున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటారు, అడగండి. వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యలు. పురుగు మీద మందు కొట్టారు, చావలేదు. ఇంకో మందు కొట్టారు, అప్పు పెరిగింది. ఏ మందు కొట్టాలో చెప్పేది షాపాయన, అప్పు ఇచ్చేది కూడా ఆయనే. సలహా ఇచ్చేవాడికి అమ్మకంలో లాభం ఉంటే ఆ సలహా ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

అదే కాలంలో ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరిలో వేరే ప్రయోగం మొదలైంది. సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ, దాని వెనక సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ. పురుగుమందు లేకుండా పత్తి పండించడం. చేసింది మంత్రమేమీ కాదు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం, పేడ-మూత్రం ద్రావణం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు. మొదట కొద్దిమంది రైతులే చేశారు. పక్కోళ్లు గట్టు మీద నిలబడి చూశారు. పంట నిలబడింది, మందు ఖర్చు మిగిలింది. తర్వాత మహిళా సంఘాలు పట్టుబట్టాయి. కొన్నేళ్లకు ఊరంతా పురుగుమందులు మానేసింది, పంచాయతీ కూడా అదే నిర్ణయం తీసుకుంది.

ఇక్కడ గమనించండి. ఊరిని మార్చింది కరపత్రం కాదు, పక్క చేను. ఎందుకంటే పక్కోడి నేల నీ నేలే, పక్కోడి వాన నీ వానే.

ఇండోనేసియా నుంచి పొలంబడి

ఈ ఆలోచన మనకొక్కరికే వచ్చింది కాదు. 1980లలో ఇండోనేసియాలో వరిని సుడిదోమ నాశనం చేసింది. మందులు కొట్టేకొద్దీ దోమ పెరిగింది, ఎందుకంటే దాన్ని తినే సాలీళ్లు, మిత్ర పురుగులు ముందు చచ్చాయి. 1986లో అక్కడి ప్రభుత్వం వరిపైన 57 రకాల మందులు నిషేధించింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో రైతు బడులు మొదలయ్యాయి. పాతిక మంది దాకా రైతులు వారం వారం ఒకే పొలంలో కలుస్తారు. పురుగులు లెక్కపెడతారు, బొమ్మ గీస్తారు, వాదించుకుంటారు, ఈ వారం ఏం చెయ్యాలో వాళ్లే నిర్ణయిస్తారు. టీచర్ జవాబు చెప్పడు, ప్రశ్న అడుగుతాడు. మన దగ్గర "పొలంబడి" అన్న పేరు విన్నారు కదా, అది ఈ తరహాదే.

పస్తాపూర్ ఆడవాళ్ల పదేళ్ల ఎదురుచూపు

నాకు బాగా నచ్చిన చాప్టర్ ఇది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. పి.వి. సతీష్ గారి పేరు మీరు విని ఉంటారు. ఊరూరా దళిత మహిళల సంఘాలు. జొన్న, కొర్ర, కంది, సామ అన్నీ కలిపి పండించడం, విత్తనం ఇంట్లోనే దాచుకోవడం, ఒకరికొకరు ఇచ్చుకోవడం.

వాళ్లకు తమ మాట తామే చెప్పుకోవాలని ఉండె. 1998లో మాచ్‌నూర్‌లో రేడియో స్టూడియో తయారైంది. కానీ లైసెన్స్ లేదు. అప్పటి రూల్స్ ప్రకారం ఇట్లాంటి సంఘాలు గాలిలో మాట్లాడకూడదు. మరి ఏం చేశారు? ప్రోగ్రాములు రికార్డ్ చేశారు, క్యాసెట్లు సంఘం మీటింగుల్లో వేసుకుని విన్నారు. ఇట్ల పదేళ్లు! 2006లో పాలసీ మారింది, 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. నడిపింది ఇద్దరు నర్సమ్మలు: జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ.

నేను, మీరు ఇప్పుడు ఒక బటన్ నొక్కి లైవ్‌కి వెళ్తాం. ఆ హక్కు కోసం మన పక్క జిల్లా ఆడవాళ్లు పదేళ్లు ఆగారు. ఆగిన పదేళ్లలో కూడా గుంపు చెదరలేదు. ఎందుకంటే గుంపు ముందే ఉంది, రేడియో తర్వాత వచ్చింది.

ఊరి నుంచి రాష్ట్రానికి

2004 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, పునుకుల లాంటి ఊళ్ల అనుభవాన్ని మహిళా సంఘాల ద్వారా విస్తరించింది. ఐఏఎస్ అధికారి టి. విజయ్ కుమార్ దీనికి ముందున్నారు. కీలకం ఏంటంటే, నేర్పించేవాళ్లు చాలావరకు చేసి చూసిన రైతులే. 2009లో వరల్డ్ బ్యాంక్ వెలువరించిన నివేదిక ప్రకారం నాలుగేళ్లకు కాస్త పైగా కాలంలో 3 లక్షల మందికి పైగా రైతులు, 13.6 లక్షల ఎకరాలు. తర్వాత 2016 నుంచి ఆంధ్రలో అదే విజయ్ కుమార్ గారితో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టింది. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతి వచ్చింది.

ఇక వీడియో, వాట్సాప్

2006లో బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో రికిన్ గాంధీ టీమ్ ఒక పని చేసింది. నిపుణుడి లెక్చర్ కాకుండా ఊరి రైతుతోనే వీడియో తీసి, ఊళ్లోనే పదిమందిని కూర్చోబెట్టి, మధ్యలో ఆపి చర్చ పెట్టడం. దాని పేరు డిజిటల్ గ్రీన్, తర్వాత ఆంధ్రలోనూ పనిచేసింది. చూసేవాళ్లు తరచు అడిగే మొదటి ప్రశ్న టెక్నిక్ గురించి కాదట: "ఈ రైతు పేరేంది, ఏ ఊరు?"

అదీ పాయింట్. రైతు ముందు మనిషిని చూస్తాడు, తర్వాత మాటను నమ్ముతాడు.

వాట్సాప్ గ్రూప్ లిమిట్ 2016లో 256 అయింది, 2022లో 1024 అయింది. మనుషులు పెరిగారు. కానీ సలహా ఇచ్చినాయన నేల నల్లదా చల్కదా, ఆయన పసుపు పండిస్తాడా లేక సీసాలు అమ్ముతాడా, మనకు తెల్వదు. అంటే 1997 మందుల షాపు సమస్యే మళ్లీ వచ్చింది, ఈసారి సేంద్రియ లేబుల్‌తో.

నేను గ్రూపులకు వ్యతిరేకం కాదు. మందులు మానేసిన రైతుకు మొదటి రెండు మూడేళ్లు చాలా కష్టం. దిగుబడి తగ్గొచ్చు, సర్టిఫికెట్ ఇంకా రాదు, ఊళ్లో నవ్వుతారు. రాత్రి పదకొండుకు ఒక్కరు జవాబిచ్చినా అది ధైర్యం. ఆ ధైర్యం ఫోన్ ఇస్తుంది. నిర్ణయం మాత్రం పొలం చూసి తీసుకోవాలి.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసినప్పుడు ఒక రూల్ ఉండేది: నీ కోడ్ ఇంకొకరు చూడకుండా లైవ్‌కి పోదు. రైతులకూ అట్లాంటిది ఒకటి ఉంది, పీజీఎస్ సర్టిఫికెట్. ఒకే ఊరి లేదా పక్క ఊళ్ల రైతులు కనీసం అయిదుగురు గుంపుగా ఏర్పడి, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుని హామీ ఇస్తారు. మార్పు దశలో గ్రీన్, పూర్తయ్యాక ఆర్గానిక్. ఎగుమతికి ఇది చాలదు, దానికి వేరే సర్టిఫికెట్ కావాలి. పైగా గుంపు కాగితం మీదే ఉంటే సంతకాలే మిగులుతాయి, చూసే కళ్లు ఉండవు.

మన రైతులకు గుంపు కట్టడం రాదా? 2019లో పసుపు బోర్డు కోసం, ధర కోసం నిజామాబాద్ పార్లమెంట్ సీటుకు 170 మందికి పైగా రైతులు నామినేషన్ వేసి నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, దేశమంతా మన వైపు చూసింది. 2025 జనవరిలో బోర్డు మొదలైంది. కొట్లాడ్డానికి కలిసినోళ్లం, నేర్చుకోడానికి కలవలేమా?

ఈ ఏడు చిన్నబాపు, ఇంకో అయిదుగురు కలిసి చిన్న గ్రూప్ పెట్టుకున్నారు. మూడే రూల్స్. ఫొటో పెడితే ఎన్నడు నాటినవ్, వాన ఎప్పుడు పడ్డది, మడిలో నీళ్లున్నయా రాయాలి. ఏదైనా అమ్మేవాడు ముందే ఆ సంగతి చెప్పాలి. ఆదివారం పొద్దున ఒకరి పొలంలో అందరూ కలవాలి. మొన్న మా మడిలోకి వచ్చి ముందు చేసిన పని ఏంటో తెలుసా? పారతో కాలువ తీశారు.

పంట ఎట్ల వస్తదో నాకు తెల్వదు. పసుపు తవ్వేది జనవరి తర్వాతనే కదా, అప్పుడు ఇదే పొలం నుంచి ఇంకో ఎపిసోడ్ చేస్తా, మంచైనా చెడైనా. మీ ఊళ్లో ఇట్ల కలిసే రైతులుంటే కామెంట్‌లో రాయండి. మీ ఇంట్లో రైతుంటే ఈ వీడియో ఫార్వర్డ్ చేసి ఊరుకోకండి, పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. మధ్యలో ఆపి, ఆయన ఏమంటాడో కూడా వినండి.

ఉంటా మరి. మళ్లీ కలుద్దాం.