సీ భాషలో అంకెల పాఠ్యాన్ని ఋణరహిత పూర్ణసంఖ్యగా మార్చే విధానం

కీబోర్డు మీద 347 అని టైపు చేసినప్పుడు సీ ప్రోగ్రాముకు అందేది మూడువందల నలభైయేడు అనే సంఖ్య కాదు. '3', '4', '7' అనే మూడు అక్షరాలు, వాటి చివర సున్నా విలువ గల ముగింపు గుర్తు మాత్రమే అందుతాయి. ఇట్టి అక్షరాల వరుసను స్ట్రింగ్ అంటారు. దానితో లెక్క చేయదలచినచో ముందుగా దానిని సంఖ్యగా మార్చవలసి ఉంటుంది. వయస్సు, హాజరు, బస్తాల లెక్క వంటి ఋణవిలువకు తావులేని వాటికి అన్‌సైన్డ్ ఇంటిజర్, అనగా ఋణరహిత పూర్ణసంఖ్య, తగినది. ఈ మార్పిడి చూచుటకు చిన్నపనే. అయితే ఇందులోని పొరపాట్లు నిశ్శబ్దంగా జరుగుతాయి. ప్రోగ్రాము ఆగదు, హెచ్చరిక రాదు, తప్పు సంఖ్య మాత్రం పట్టికలో చేరిపోతుంది.

మార్పిడి సూత్రం

ఆస్కీ సంకేతావళిలో '0' అనే అక్షరానికి 48, '9' అనే అక్షరానికి 57 విలువలు. అక్షరం విలువ నుండి '0' విలువను తీసివేస్తే అంకె లభిస్తుంది. తొలుత ఫలితాన్ని సున్నాగా ఉంచి, ఒక్కొక్క అంకె వచ్చినప్పుడు ఫలితాన్ని పదితో గుణించి ఆ అంకెను కలపాలి. 347 విషయంలో ఫలితం వరుసగా 3, 34, 347 అవుతుంది. బడిలో నేర్చిన స్థానవిలువల పాఠమే ఇది.

పాత ఫంక్షన్ లోపం

ప్రారంభ దశలోని విద్యార్థులు సాధారణంగా 'ఎ-టు-ఐ' అనే ఫంక్షన్‌ను వాడుతారు. అది 'రాము' అన్న మాటకూ 0 ఇస్తుంది, నిజమైన '0'కూ 0 ఇస్తుంది. ఈ రెండింటికీ భేదం తెలుసుకొనే మార్గం లేదు. '12కి' అని వ్రాస్తే 12 వరకు చదివి మిగిలినది విడిచిపెడుతుంది. సంఖ్య దాని పరిధిని మించితే ఏమి జరుగునో సీ ప్రమాణం నిర్దేశించలేదు. కాబట్టి పరీక్షించని సమాచారానికి ఇది తగదు.

ప్రామాణిక ఫంక్షన్, నాలుగు పరీక్షలు

1989 నాటి సీ ప్రమాణంలోనే ఇందుకు 'స్ట్ర్-టు-యుఎల్' అనే ఫంక్షన్ ఉన్నది. దీనికి మూడు వస్తువులు అందించాలి: స్ట్రింగ్, చదవడం ఎక్కడ ఆగినదో తెలిపే పాయింటరు చిరునామా, సంఖ్యామానపు ఆధారం. ఫలితాన్ని నమ్మే ముందు నాలుగు పరీక్షలు అవసరం.

మొదటిది ఋణచిహ్న పరీక్ష. ఈ ఫంక్షన్ పేరులో ఋణరహితమని ఉన్నా '-1'ని తిరస్కరించదు. దానిని తన గరిష్ఠ విలువగా మార్చి ఇస్తుంది. దోషమని కూడ చెప్పదు. అందుచేత పిలుపుకు ముందే ఖాళీలను దాటి, మొదటి అక్షరం అంకె అవునో కాదో చూడాలి.

రెండవది, అసలు మార్పిడి జరిగినదా అన్నది. పాయింటరు స్ట్రింగ్ ఆరంభంలోనే నిలిచి ఉంటే ఏ అంకె కూడ చదవబడలేదని అర్థం.

మూడవది, చివరి వరకు చదివినదా అన్నది. పాయింటరు ముగింపు గుర్తు వద్ద ఉండాలి. 'ఎఫ్-గెట్స్' ద్వారా పంక్తిని చదివినచో చివర కొత్త పంక్తి గుర్తు మిగిలి ఉండవచ్చును, దానిని అనుమతించాలి.

నాలుగవది పరిధి పరీక్ష. పిలుపుకు ముందు 'ఎర్‌నో' అనే చలరాశిని సున్నా చేయాలి. గ్రంథాలయ ఫంక్షన్లు దానిని ఎన్నడూ సున్నాగా మార్చవు గనుక పాత దోషం అందులో నిలిచి ఉండవచ్చును. పిలుపు తరువాత అందులో 'ఈ-రేంజ్' ఉంటే సంఖ్య పరిధి దాటినదని అర్థం.

ఇక్కడ మరొక మెలిక ఉన్నది. 64 బిట్ల లినక్సులో ఈ ఫంక్షన్ ఫలితం 64 బిట్లు, విండోస్‌లో 32 బిట్లు. 32 బిట్ల ఋణరహిత సంఖ్యకు గరిష్ఠ విలువ 429 కోట్ల 49 లక్షల 67 వేల 295. లినక్సులో 4294967301 అనే సంఖ్య సరిగానే చదవబడుతుంది. కాని దానిని 32 బిట్ల చలరాశిలో ఉంచితే 5గా మిగులుతుంది. కాబట్టి ఉంచుటకు ముందే గరిష్ఠ విలువతో పోల్చి చూడాలి. మన దేశపు మొబైల్ సంఖ్యలు పది అంకెలవి, 6 లేదా అంతకు మించిన అంకెతో మొదలవుతాయి. అవి ఏవీ 32 బిట్లలో ఇమడవు. 64 బిట్లు తప్పనిసరి అయినచో 1999 నాటి ప్రమాణంలో చేరిన 'స్ట్ర్-టు-యుఎల్ఎల్'ను వాడాలి.

మొదటి సున్నాతో చిక్కు

ఆధారంగా 10 ఇస్తే దశాంశ పద్ధతి. 0 ఇస్తే ఫంక్షనే స్ట్రింగ్‌ను చూచి నిర్ణయిస్తుంది. సున్నాతో మొదలైనచో ఎనిమిది ఆధారమని భావిస్తుంది. హోసూరు ఎస్టీడీ కోడ్ 04344ను ఈ విధంగా చదివిస్తే 2276 వస్తుంది. బళ్ళారి కోడ్ 08392లో ఎనిమిది వద్దనే ఆగిపోయి 0 ఇస్తుంది, ఎందుకనగా అష్టాంశ పద్ధతిలో 8 అనే అంకె లేదు. ఆధారం 10 అయినా మొదటి సున్నా పోయి 4344, 8392 మాత్రమే మిగులుతాయి. కూడికలు, తీసివేతలు అవసరం లేని ఇటువంటి కోడ్‌లను స్ట్రింగ్‌గానే భద్రపరచుట ఉత్తమం.

తెలుగు అంకెలు

పాఠ్యంలో ౩౪౭ అని తెలుగు అంకెలు ఉంటే ఈ ఫంక్షన్ సాధారణంగా వాటిని గుర్తించదు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు అంకె మూడు బైట్లు. మొదటి రెండు 224, 177. మూడవది ౦కు 166 మొదలు ౯కి 175 వరకు. మొదటి రెండింటిని సరిచూచి, మూడవ దాని నుండి 166 తీసివేస్తే అంకె లభిస్తుంది. ఆపై పైన చెప్పిన గుణకార సూత్రమే వర్తిస్తుంది. అయితే పదితో గుణించుటకు ముందు, గరిష్ఠ విలువ నుండి కొత్త అంకెను తీసివేసి పదితో భాగించి చూడాలి. ఇప్పటివరకు వచ్చిన ఫలితం ఆ భాగఫలం కంటె పెద్దదైతే పరిధి దాటినట్లే. ఈ బైట్లను అన్‌సైన్డ్ క్యారెక్టరుగా చదవాలి. లేనిచో అనేక కంప్యూటర్లలో 224 ఋణసంఖ్యగా కనబడుతుంది.

ఈ పరీక్షలన్నింటిని ఒకే చిన్న ఫంక్షన్‌గా వ్రాసి, సఫలమో విఫలమో ఒక విలువగానూ, సంఖ్యను వేరొక విలువగానూ తిరిగి ఇచ్చుట మంచి అలవాటు. అప్పుడు సున్నా అన్నది సున్నాయే అవుతుంది. దోషానికి మారుపేరు కాదు.