చిన్న సమాజాల పాట – ప్రపంచ పోటీ

ఉపోద్ఘాతం

రాప్తాడు పరిసర గ్రామాల్లో చెక్కభజన చూసిన వారికి ఒక సందేహం కలగవచ్చు: ఇటువంటి ఊరి పాట ప్రపంచ వేదికపై గెలవగలదా? చరిత్ర విద్యార్థి ఈ ప్రశ్నను అభిమానంతో తేల్చరాదు. పోటీ నియమాలు, తీర్పరులు, పాట వారిని చేరిన మార్గం అనే మూడు అంశాలను పరిశీలించాలి.

లక్సెంబర్గ్ ఉదాహరణ

యూరోవిజన్ పాటల పోటీ 1956లో మొదలైంది. 1957 నుండి ఏ దేశమూ తన పాటకు తానే ఓటు వేసుకోరాదు. కాబట్టి పెద్ద జనాభా ఉన్నంత మాత్రాన గెలుపు రాదు. 1960ల నాటి లక్సెంబర్గ్ జనాభా మూడు లక్షల పైచిలుకు. 2011 లెక్కల్లో అవిభక్త అనంతపురం జిల్లా జనాభా 40 లక్షలు దాటింది. అంత చిన్న దేశం 1961, 1965, 1972, 1973, 1983లలో ఐదుసార్లు గెలిచింది. అయితే ఆ గాయకులలో ఒక్కరూ ఆ దేశస్థులు కారు. ఐదు పాటలూ ఫ్రెంచివే. దేశం గెలిచినా, ఆ గెలుపు పాటల్లో దాని సొంత లక్సెంబర్గిష్ భాష లేదు.

తెలుగు పాట అనుభవం

2011 జనగణన ప్రకారం భారతదేశంలో తెలుగు మాతృభాషీయులు 8.11 కోట్లు. అయినా ఆస్కార్ ఓటర్ల మధ్య తెలుగు చిన్న భాషే. 2023 మార్చిలో కీరవాణి స్వరపరచగా చంద్రబోస్ రచించిన 'నాటు నాటు' ఉత్తమ మౌలిక గీతంగా గెలిచింది. భారతీయ చిత్రంలోని పాటకు ఈ బహుమతి రావడం అదే మొదటిసారి.

ఇందుకు నియమాలు తోడ్పడ్డాయి. ఆ ఏడాది భారత్ అధికారికంగా పంపిన చిత్రం గుజరాతీ 'ఛెల్లో షో'. పాటల విభాగానికి దేశం ఎంపిక అవసరం లేదు. నిర్మాతలే నేరుగా పోటీకి పంపవచ్చు. సంగీత శాఖ సభ్యులు 81 పాటల నుండి 15, వాటి నుండి 5 ఎంపిక చేశారు. తుది ఓటు సభ్యులందరిదీ. 2022లో అమెరికా థియేటర్లలో పునఃప్రదర్శన, నెట్‌ఫ్లిక్స్, 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ పాటను వారి దాకా చేర్చాయి.

ముగింపు

పాటలో బలం లేనిదే ఈ ప్రయాణం సాగదు. కానీ బలం ఒక్కటే చాలదు. లక్సెంబర్గ్ పొరుగు భాషతో గెలిచింది. తెలుగు సొంత భాషతో, సినిమా పెట్టుబడి అండతో గెలిచింది. చెక్కభజన బృందానికి ఆ అండ లేదు. బహుమతుల జాబితానే ఆధారం చేసుకొని ఒక సమాజపు సంగీత సంపదను అంచనా వేయరాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఊరి పాట ఒకటి బయటివారికి చేరాలంటే ఉన్న అవరోధాలను పై మూడు అంశాల ఆధారంగా వివరించండి.