సేఫ్టీ రేజరు చరిత్ర: చేతి నేర్పు నుండి పనిముట్టుకు

కీలక పదాలు: క్షురకర్మ, మంగలకత్తి, సేఫ్టీ రేజరు, జిల్లెట్, కులవృత్తులు, క్షౌరశాల

ఉపోద్ఘాతం:

తెలుగులో 'గడ్డం చేయించుకోవడం', 'గడ్డం గీసుకోవడం' అనే రెండు పలుకుబడులున్నాయి. మొదటిది ప్రేరణార్థకం, ఆ పనికి మరొకరి చేయి కావాలి. రెండవది తన చేతితో తాను చేసుకొనేది. నిన్నమొన్నటి వరకు గ్రామజీవితంలో మొదటిదే వాడుక. రెండవదానిని సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చిన పనిముట్టు సేఫ్టీ రేజరు. దీనిని ఒక అమెరికన్ వ్యాపారికి తట్టిన ఆలోచనగా చెప్పడం పరిపాటి. అది సగం నిజం మాత్రమే.

జిల్లెట్‌కు పూర్వం:

మంగలకత్తి అంచుకు ఏ కాపూ ఉండదు. చర్మానికీ కత్తికీ మధ్య కోణాన్ని నిర్ణయించేది క్షురకుని మణికట్టే. వాడే ముందు కత్తిని తోలుపట్టా మీద తీయాలి, అప్పుడప్పుడు సానరాయి మీద నూరాలి. ఈ నేర్పు లేనివాడు తన గడ్డం తాను గీసుకోబోతే గాయం తప్పదు. పారిస్‌లో కత్తులు తయారుచేసే జాఁ జాక్ పెరే ఈ సమస్యనే ఎత్తుకున్నాడు. కత్తికి కర్ర తొడుగు అమర్చి, అంచు కొద్దిగా మాత్రమే బయటకు కనిపించేటట్లు చేశాడు. 1769లో ఆయన ప్రచురించిన గ్రంథం తన గడ్డం తాను గీసుకొనే కళను నేర్పేది. పనిముట్టుతో పాటు పాఠమూ అవసరమని ఆయన గుర్తించడం గమనార్హం.

1847లో ఇంగ్లండుకు చెందిన విలియం హెన్సన్ పిడిని కత్తికి అడ్డంగా, పార ఆకారంలో అమర్చాడు. 1880లో న్యూయార్క్‌కు చెందిన కాంఫే సోదరులు అంచు ముందు కాపుగల రేజరుకు పేటెంటు పొందారు. గాయం భయం తగ్గింది కాని, సాన పట్టే శ్రమ తగ్గలేదు. వీటిలో అలుగు మందమైన కత్తిముక్కే.

పారవేసే బ్లేడు:

కింగ్ క్యాంప్ జిల్లెట్ సీసా మూతల కంపెనీలో పనిచేసిన అమ్మకందారు. 1895లో ఆయనకు తట్టినది కాపు గురించిన ఆలోచన కాదు. సాన పట్టకుండా వాడి పారవేసే పలుచని బ్లేడు. పలుచని ఉక్కురేకును వంకర పోకుండా గట్టిపరచడం అసాధ్యమని నిపుణులు చెప్పారు. ఆ చిక్కు విడదీసినవాడు విలియం నికర్సన్ అనే ఇంజనీరు. పేరు జిల్లెట్‌దే మిగిలింది, పని మాత్రం నికర్సన్‌ది. 1901లో కంపెనీ ఏర్పడింది. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి సంవత్సరం రేజర్ల సంఖ్య 90,000 దాటింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికులకు దాదాపు 35 లక్షల రేజర్లు కొని ఇచ్చింది. యుద్ధం ముగిశాక ఆ సైనికులు ఇంటికి తీసుకువెళ్ళినవాటిలో ఈ అలవాటు కూడా ఒకటి.

ఈ రేజరు పనితీరు సూక్ష్మమైనది. మిల్లీమీటరులో పదోవంతు మందం గల రేకు విడిగా ఉన్నప్పుడు వేళ్ళ మధ్య వంగిపోతుంది. రేజరు మూత దానిని విల్లులా వంచి బిగించడం వల్లనే బిగువు వస్తుంది. ఇక గీసుకొనేవాడు చేయవలసినవి కొన్ని మిగులుతాయి. వేడినీటితో రెండు మూడు నిమిషాలు తడిపితే వెంట్రుక నీటిని పీల్చి మెత్తబడుతుంది. బ్రష్షుతో పట్టించిన నురగ ఆ తడిని నిలుపుతుంది. బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల కోణంలో ఉండాలి. మొదట వెంట్రుక వాలు వెంబడే, చిన్న చిన్న లాగులతో గీయాలి. అదిమి పట్టకూడదు, రేజరు బరువే చాలు. గాయాలలో ఎక్కువ భాగం అదమడం వల్ల అయ్యేవే. 'సేఫ్టీ' అన్న మాటను పూర్తిగా నమ్మినవాడికే ముందుగా గాటు పడుతుంది.

తెలుగు నేల మీద:

గ్రామ ఆయగాళ్ళలో మంగలి ఒకడు. పంట వచ్చినప్పుడు ధాన్యరూపంలో మేర అందేది. అతడు పొది పట్టుకొని రైతుల ఇళ్ళకు వెళ్ళేవాడు. వాకిట్లోనో చెట్టు కిందనో క్షౌరం జరిగేది. చేయించుకున్నవాడు స్నానం చేసేవరకు మైల. మంగళవారం క్షౌరం కూడదన్న నియమం నేటికీ చాలా చోట్ల కనిపిస్తుంది. కత్తి నైపుణ్యాన్ని అందరూ వాడుకున్నారు. ఆ నైపుణ్యం గలవాడికి మాత్రం ఇంటి లోపలికి ప్రవేశం అరుదు. చదువుకొని ఉద్యోగాలకు వెళ్ళినవారి అద్దాల ముందుకు షేవింగ్ సెట్టు చేరాక, ఆ పొదికి రోజువారీ పని తగ్గింది. మేర స్థానంలో నగదు, ఇంటి వాకిలి స్థానంలో సెలూను వచ్చాయి. దీనిని వృత్తి పతనమని మాత్రమే చెప్పడం సబబు కాదు. కూలి డబ్బు చేతిలో పెట్టే చోట బేరమాడే హక్కు కూడా క్షురకునికి దక్కింది.

ఆ తరువాతి మలుపు మరింత ఆసక్తికరం. 1986లో మన దేశంలో హెచ్.ఐ.వి. కేసులు తొలిసారిగా బయటపడిన తరువాత, ప్రతి మనిషికీ కొత్త బ్లేడు వాడాలన్న ప్రచారం క్షౌరశాలలకు చేరింది. సానరాయీ తోలుపట్టా క్రమంగా మూలపడ్డాయి. ఇప్పుడు క్షురకుడు జిల్లెట్ తరహా బ్లేడునే రెండుగా విరిచి, సగాన్ని మంగలకత్తి ఆకారపు పిడిలో బిగిస్తాడు. ఆ పిడికి అంచు కాపు లేదు. కోణాన్ని నిర్ణయించేది మళ్ళీ అతని మణికట్టే.