కాఫీఖానాల కథ

మనిషికి ఇల్లుంది, పనిచోటుంది. ఈ రెండూ చాలవా అంటే, చాలవనే చెప్పాలి. ఇంట్లో మనం తండ్రులం, కొడుకులం. కొట్లోనో, ఆఫీసులోనో యజమానులం, నౌకర్లం. ఇవేవీ కాకుండా, పదిమందిలో ఒకరుగా కూర్చునే చోటు కూడా కావాలి. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో దీన్ని 'మూడవ చోటు' అన్నాడు. పేరు కొత్తదే గాని సంగతి చాలా పాతది.

15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రివేళ జిక్ర్‌లో నిద్ర రాకుండా కాఫీ తాగేవారు. అక్కడి నుంచి అది మక్కాకు, కైరోకు చేరింది. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే అధికారి దాన్ని నిషేధించాడు. మసీదు దగ్గర రాత్రిపూట కొందరు లాంతర్లు పెట్టుకుని కాఫీ తాగుతూ ఆయన కంటబడ్డారట, దానితో మొదలైంది గొడవ! కైరో నుంచి వచ్చిన ఉత్తర్వు కాఫీని పూర్తిగా కాదనలేదు, గుంపులు కూడడాన్నే తప్పుపట్టింది. అంటే చిక్కంతా కాఫీతో కాదు, కూర్చోవడంతోనే అన్నమాట.

ఇస్తాంబుల్‌కు ఈ దుకాణాలు హిజ్రీ 962లో, అంటే 1554-55లో వచ్చాయని చరిత్రకారుడు పెచెవీ రాశాడు. అలెప్పో వాసి హకమ్, డమాస్కస్ వాసి షమ్స్ వాటిని తెరిచారు. అక్కడ ఒకరు పుస్తకం చదివేవారు, ఒకరు చదరంగం ఆడేవారు, కవులు కొత్త కవితలు వినిపించేవారు. ఉద్యోగం పోయిన ఖాజీలూ వచ్చి కూర్చునేవారు. మసీదుకు వచ్చేవాళ్లు తగ్గిపోతున్నారని ఇమాములు మొత్తుకున్నారు. వారి బాధలోనూ న్యాయం లేకపోలేదు. 1633లో సుల్తాన్ నాలుగవ మురాద్ వీటిని మూయించాడు. అయినా అవి మళ్లీ తెరుచుకున్నాయి.

లండన్‌లోనూ అదే కథ. 1652లో అక్కడ మొదటి కాఫీ దుకాణం వెలిసింది. తన మీద పుకార్లు పుడుతున్నాయని రెండవ చార్లెస్ రాజు 1675 డిసెంబరులో దుకాణాలన్నీ మూయమన్నాడు. జనం గోల పెట్టడంతో కొద్ది రోజులకే ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు.

మన హైదరాబాదు సంగతి చూద్దాం. ఇరాన్ నుంచి వచ్చినవారు మూలమలుపుల్లో హోటళ్లు పెట్టారు. పాలరాతి బల్ల, ఒక చాయ్, ఉస్మానియా బిస్కెట్. దానికి గంటసేపు కూర్చున్నా లేవమనేవారు లేరు. రిక్షా తొక్కే అతను ఒక బల్ల దగ్గర, వకీలు సాబ్ పక్క బల్ల దగ్గర. అబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్‌లో మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు, పత్రికలవాళ్లు, కార్మిక నాయకులు కలుసుకునేవారు. ఆ హోటల్ ఇప్పుడు లేదు. అద్దెలు పెరిగి, పిల్లలు వేరే ఉద్యోగాలకు వెళ్లి, అలాంటివి ఎన్నో మూతపడ్డాయి. నిలబడి తాగి పోయే టీకొట్లు వాటి స్థానంలో వచ్చాయి.

ఒక మాట మాత్రం దాచకూడదు. ఈ చరిత్రంతా మగవాళ్లదే. ఇస్తాంబుల్ స్త్రీలకు కాఫీఖానా లేదు, హమ్మామే వారి కూడలి. మన ఇరానీ హోటళ్లలో కొన్నిటికి తెర కట్టిన 'ఫ్యామిలీ' గది ఉండేది. అవతలి బల్లల దగ్గర వాదనలు లోపల కూర్చున్న మన అమ్మలకు, అక్కలకు వినబడేవి. జవాబు చెప్పడానికి మాత్రం వీలుండేది కాదు.