పది అణాల నెత్తురు

1897 ఆగస్టు 16. బేగంపేట సైనిక ఆసుపత్రిలో పొద్దు నడినెత్తికి వచ్చింది. హుసేన్ ఖాన్ దోమతెరలో పడుకుని ఉన్నాడు. దోమలు లోపలికి రాకూడదని కట్టుకునే తెర అది. ఆ రోజు మాత్రం లోపలి దోమలు బయటికి పోకూడదని కట్టారు. సీసాలో పుట్టి పెరిగిన దోమల్ని తెరలోకి వదిలారు. కొట్టకూడదు, విదిలించకూడదు. కుట్టినంతసేపూ ఓర్చుకోవాలి. కూలి ముందే మాట్లాడుకున్నారు: దోమకు ఒక అణా.

హుసేన్ ఖాన్‌ది చలిజ్వరం. అతని నెత్తుట్లో నెలవంకల్లాంటి క్రిములు ఉన్నాయని డాక్టరు దొర అప్పటికే సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆ నెత్తురు తాగి పొట్టలు ఎర్రబడిన దోమల్ని జాగ్రత్తగా సీసాల్లోకి తీశారు. పది దోమలు, పది అణాలు. వైద్య చరిత్ర హుసేన్ ఖాన్‌ను రోగిగానే రాసుకుంది. నేనైతే కూలీ అంటాను. ఒళ్లు అప్పగించి చేసిన పని అది.

కూలి ఇచ్చినవాడు సర్జన్ మేజర్ రోనాల్డ్ రాస్, పందొమ్మిదో మద్రాసు పదాతి దళం వైద్యుడు. మలేరియాకూ దోమకూ లంకె ఉందన్నది లండన్‌లోని పాట్రిక్ మాన్సన్ ఊహ. రాస్ 1895లో సికింద్రాబాద్ వచ్చినప్పటి నుంచీ దాని వెంటపడ్డాడు. దోమలు చచ్చిన నీళ్లు తాగితే జ్వరం వస్తుందేమోనని లక్ష్మణ్ అనే మనిషి చేత ఆ నీళ్లు తాగించాడు కూడా. ఈ రోజుల్లో అలాంటి పరీక్షకు ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు. కొన్నాళ్లకు లక్ష్మణ్‌కు జ్వరం వచ్చి తగ్గింది. రాస్ ఆశ పెంచుకున్నాడు. తీరా మిగతావాళ్లకు రాలేదు. అసలు చిక్కు ఏమిటంటే, ఆయన కోస్తున్నవి మలేరియా మోసే జాతి దోమలే కావు. ఆ ఆగస్టులో ఆయన పెట్టుకున్న పనివాళ్లలో ఒకరు సీసాలో కొత్తరకం దోమపిల్లల్ని పట్టుకొచ్చారు. పెరిగి రెక్కలొచ్చాక చూస్తే వాటి మీద మచ్చలు. గోడ మీద వాలితే తోక పైకెత్తి కూర్చునే రకం. ఆ సీసా తెచ్చిన చేతులు లేకపోతే తరువాతి కథ లేదు.

ఆగస్టు 20. చిన్న గది, ఉడికిపోతున్న గాలి. పంకా ఉన్నా లాగించడానికి లేదు, గాలికి కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయి. కళ్ల చుట్టూ చిన్న ఈగలు ముసురుతున్నాయి. నుదుటి చెమట కారి కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. కంటి దగ్గరి అద్దం పగిలి ఉంది. హుసేన్ ఖాన్ నెత్తురు తాగిన దోమల్లో కొన్ని చచ్చాయి, కొన్నింటిని కోసినా ఏమీ దొరకలేదు. మధ్యాహ్నం ఒంటి గంట ప్రాంతంలో ఇంకొకదాన్ని తీశాడు. పుస్తకంలో దాని అంకె 38. రెక్కలు, కాళ్లు, రొమ్ము, అన్నీ వెతికాక పొట్ట గోడ మిగిలింది. అక్కడ గుండ్రటి కణం ఒకటి. దానిలో నల్లటి రేణువులు. మలేరియా క్రిమిలో కనిపించే నలుపే అది. మర్నాడు ఇంకో దోమను కోస్తే కణాలు మరింత పెద్దవై కనిపించాయి. పెరుగుతున్నాయంటే బతికున్నట్టే.

తరవాతి సంగతి బడిపిల్లలకూ తెలుసు. 1898లో కలకత్తాలో పిట్టల మలేరియా మీద మిగిలిన ముడి విప్పాడు, 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేట పాత విమానాశ్రయం దగ్గరి ఆ కట్టడం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది.

నాకు నోబెల్ కన్నా తొట్టి కథే ఎక్కువ ఇష్టం. 1883లో బెంగళూరులో రాస్ బంగళా కిటికీ పక్కన నీళ్ల తొట్టి ఉండేది. దాని నిండా దోమపిల్లలు. తొట్టి బోర్లిస్తే గదిలో దోమలు తగ్గాయి. మెస్‌లోనూ అలాగే చేయిద్దామంటే అక్కడి అధికారి ఒప్పుకోలేదు. దోమలుండటం సృష్టి ధర్మమట, దానికి అడ్డం పోకూడదట! ఆ అధికారి వారసులు మన అపార్ట్‌మెంట్ సంఘాల్లో ఇప్పటికీ కనిపిస్తారు. నోబెల్ రాకముందే, 1901లో, రాస్ ఆఫ్రికాలోని ఫ్రీటౌన్‌లో కూలీలను పెట్టి పగిలిన కుండలు, డబ్బాలు బండ్లకెత్తించాడు. బస్తీ ఆరోగ్యం కోసం ఆయన చేసిన అసలు పని అదే.

బేగంపేటలో దొరికిన ఆ మచ్చల రెక్కల దోమ అనాఫిలిస్ స్టీఫెన్సై అని శాస్త్రజ్ఞులు చెబుతారు. అది అచ్చంగా ఊరి దోమ. మూతలేని ట్యాంకులు, సంపులు, బావులు దానికి పుట్టిళ్లు. 2012లో ఆఫ్రికాలోని జిబూతీలో, 2016లో ఇథియోపియాలో కనిపించి అక్కడి పట్నాలను వణికిస్తోంది. ఇక్కడ దానికి అన్నిటికన్నా అనువైన చోటు మనం కట్టుకుంటున్న ఇళ్లే. సిమెంటు తడపడానికి నిలవచేసిన నీళ్లు, లిఫ్టు గుంటలో నిలిచిన వాన, పక్కనే రేకుల షెడ్డులో తెరలేకుండా పడుకునే వలస కూలీ. అతను మన్యం నుంచి జ్వరం మోసుకొస్తే దోమ దాన్ని పక్క షెడ్డుకు చేరవేస్తుంది. జ్వరమొచ్చిన రోజు కూలి రాదు.

మందు చల్లేవాళ్లు, నెత్తురు చుక్క తీసి పరీక్ష చేసే ఆశా కార్యకర్తలు రాస్ వదిలేసిన పనినే చేస్తున్నారు. వేలికి సూది గుచ్చనివ్వమని బతిమాలుతూ, సంపు మూత తీసి చూపించమని గేటు ముందు నిలబడుతూ. వాళ్లను గేటు దగ్గరే తిప్పి పంపేది మనమే.

దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే 2020లో తెలంగాణ పురపాలక శాఖ ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు పది నిమిషాలు నిలవ నీళ్లు పారబోయమని పిలుపిచ్చింది. ఈ పేజీ మీ చేతిలో ఉన్నదీ ఆదివారమే. పది కాగానే కూలర్ వంచండి, పూలకుండీ పళ్లెం బోర్లించండి. ఆ తరవాత వీధి చివర కడుతున్న భవనం దాకా నడిచి, అక్కడి వాచ్‌మన్ పిల్లలు తాగే నీళ్ల డ్రమ్ముకు మూత ఉందో లేదో చూసి రండి.